పాలబండ సన్నాయి

ఎండ ఇంకా బండ దిగలేదు.

ఓర్వకల్లు దాటి గతుకుల బాట పట్టి వచ్చేవాళ్ళకు పాలబండ దూరం నుంచి కొండలా కనబడదు. ఎవరో ఇల్లాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతే పొంగి, పొర్లి, అట్లాగే గట్టిపడిన పాలలా కనబడుతుంది. ఆ తెల్లరాతి నడుమ నడివేసవిలోనూ ఎండిపోని ఒక దొన ఉంది. ఆ గుంటలో నీళ్ళు నల్లగా, కదలకుండా, వంగి చూసినవాడి ముఖాన్ని వాడికే తిప్పి చూపిస్తుంటాయి. దావీదురాజు దొన గట్టున గొంతుక్కూర్చుని తన ముఖం తానే చూసుకుంటున్నాడు. రెండు రాత్రుల జాగరణ ఆ ముఖంలో కొట్టవచ్చినట్టు తెలుస్తోంది.

కింద గుడి ముందు పందిట్లో ఎవరో వీణ శ్రుతి చేసుకుంటున్నారు. ఒకటే తీగ, ఒకటే స్వరం. పిలిచి, ఎవరూ పలక్కపోతే మళ్ళీ పిలిచినట్టుంది ఆ మోత.

ఏటా వైశాఖ పున్నమికి ముందు రెండు రాత్రులు, పున్నమి నాడు ఒక రాత్రి, ఇక్కడ కచేరీలు జరుగుతాయి. వేదిక లేదు, కుర్చీలు లేవు. బండ మీద ఎవరికి చోటు దొరికితే వారు చాప పరుచుకుంటారు. వెన్నెల రాతి మీద పడి, రాతి నుంచి మనుషుల మీద పడి, తెల్లవారే సరికి ఏది పాటో ఏది కలో తెలియకుండా పోతుంది. కర్నూలులో చిన్న డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న దావీదురాజు, ఆస్పత్రిలో నర్సు పని చేసే భార్య విశ్వాసమ్మను వెంటబెట్టుకుని, చాపా చెంబూ పట్టుకుని ఏటా వస్తాడు. ఈసారి కూడా వినడానికే వచ్చాడు. నిన్న తెల్లవారే దాకా విన్నాడు కూడా.

నిన్న మధ్యాహ్నం మహానంది పడిపోయాడు.

మహానంది, కడప సన్నాయి విద్వాంసుడు పీర్ బాషా శిష్యుడు. అమ్మా నాన్నా లేని పసివాణ్ణి పీర్ బాషా ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, ఊపిరి పట్టడం నేర్పి మనిషిని చేశాడు. నిన్న మధ్యాహ్నం గురువుగారి సన్నాయిని రాత్రి కచేరీకి సిద్ధం చేయడానికి ఆ కుర్రవాడు ఈ దొన దగ్గరికి వచ్చాడు. సన్నాయి కొసన పెట్టే రెల్లుపీక ఎండుగా ఉంటే పలకదు. దాన్ని నోట్లో నానబెట్టి, మెత్తబరిచి, నడుమ నడుమ ఊది చూసి పదునుకు తేవాలి. అట్లా పదునుకు తెస్తూనే కడుపు పట్టుకుని బండ దిగాడు మహానంది. గుడి మెట్ల మీద వాంతి చేసుకుని కూలిపోయాడు. విశ్వాసమ్మ వాడి నాడి పట్టి చూసి, మొగుడితో రెండు ముక్కలు కూడా మాట్లాడకుండా వాణ్ణి జీపులో పడుకోబెట్టించుకుని కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోయింది. గన్నేరుపప్పు నూరి పీక మడతల్లో పూశారని అక్కడి డాక్టరు తేల్చాడు.

పీకల డబ్బీ అంతకు ముందంతా గుడి మంటపంలో సన్నాయి పక్కనే ఉంది. ఆ వేళ మంటపంలో సగం ఊరు గురకలు పెట్టింది. ఎవరైనా మూత తీసి ఉండవచ్చు. అందుకే దావీదురాజు డబ్బీని వదిలి బండకెక్కాడు.

ఎక్కి చూస్తే ఏముంది? చాప ఈడ్చిన గీత. ఎండిన రెల్లు పోగు. దొనకు పక్కగా, పీర్ బాషా ఏటా కూర్చునే చోట, పాత తాంబూలపు మరకలు. అవి రాతిలోకి ఇంకి, వెలిసి, ఇనుప తుప్పు రంగుకు వచ్చాయి. గోటితో గీకి చూశాడు. పొడి కూడా రాలలేదు.

"ఇంత ఎండలో ఏం వెతుకుతాండావప్పా? దిగి రాకూడదా?"

రామలక్ష్మమ్మ. ఒక చేత్తో కొంగు తలమీద పట్టుకుని, ఒక చేత్తో మజ్జిగ చెంబు పట్టుకుని, ఆ వయసులో బండెక్కి వచ్చింది. ఈ కచేరీలు ఆమె భర్త ఓబుళరెడ్డి మొదలుపెట్టినవి. ఆయన పోయాక ఆమె నడుపుతోంది. వచ్చిన ప్రతి విద్వాంసుడికీ ఆమె చేతి అన్నమే. దావీదురాజును పనిలోకి దింపిందీ ఆమే.

"మీరెందుకు వచ్చినారమ్మా? పిలిస్తే నేనే వస్తును గదా."

"కింద ఉండలేక వచ్చినా. ఆ ఇన్‌స్పెక్టరు మాటలు వింటాంటే నా ఇంట్లో నేనే దొంగమాదిరి ఉండాది." ఆమె నీడ చూసుకుని కూర్చుంది. "సందమామ వచ్చే లోపల వాళ్ళు పట్టుకున్న పీర్ బాషా బయటికి రావల్ల, దావీదూ. రాకపోతే మొక్కు చెడుతాది."

ఆ మొక్కు సంగతి పాలబండలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఒకప్పుడు ఓబుళరెడ్డి ఈ రాతిని పగలగొట్టి అమ్ముకోవాలనుకున్నాడు. బేరం కుదిరింది, మనుషులూ దిగారు. అదే పున్నమికి గుడిలో సేవకని వచ్చిన పీర్ బాషా, బండ మీద కూర్చుని చంద్రోదయానికి సన్నాయి ఊదాడు. ఓబుళరెడ్డి ఆ రాత్రి ఇంటికి పోలేదు. తెల్లవారి నరసింహస్వామి ముందు నిలబడి, ఈ మనిషి సన్నాయి ఏటా ఈ పున్నమికి, చంద్రుడు పొడిచే వేళకు, ఈ బండ మీద మోగినన్నాళ్ళు దీని మీద గడ్డపార పడదని మాట ఇచ్చాడు. ఒక్క ఏడు మోగకపోయినా బండ సంగతి వారసుల ఇష్టం. వారసులంటే ఇప్పుడు ఇద్దరే. రామలక్ష్మమ్మ, ఆమె మరిది నరసన్న.

"ఈ రేయి ఆయప్ప తన చేతి సన్నాయిని మహానంది చేతికిచ్చి, సామి ముందర మొక్కును వాని పేరన కూడా కట్టించాలని నేనే అనుకుంటి," అంది రామలక్ష్మమ్మ. "పెద్దాయన ఊపిరి ఎన్నాళ్ళుంటాదో అని. ఎంత మురిసిపోయినాడో! ఇప్పుడు దాన్నే పట్టుకుని, శిష్యుని మీద ఈర్ష్యతో చంపబోయినాడని రాసుకున్నాడు ఆ సార్."

దావీదురాజు మజ్జిగ తాగి చెంబు ఆమె చేతికిచ్చాడు. కింద వీణ తీగ పలికి, ఆగి, మళ్ళీ పలికింది.

* * *

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శేషశయనం గుడి అరుగు మీద కుర్చీ వేయించుకుని, చేతిరుమాలు తడిపి మెడ చుట్టూ వేసుకుని ఉన్నాడు. గుంటూరు మనిషి. కర్నూలు రాజధాని అయి ఏడాది తిరగలేదు. దానితో పాటు వచ్చిన ఉద్యోగుల్లో ఒకడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఈ ఎండను ఆయన క్షమించలేదు.

"రండి, డిటెక్టివ్ గారూ! బండ మీద గుడ్లు పెట్టిందా కోడి?"

"ఇంకా పొదుగుతాండాది సార్."

"పొద్దు గుంకగానే ముసలాణ్ణి జీపెక్కించి కర్నూలు తీసుకుపోతున్నా. ఈ లోపు పొదిగితే చూపించండి." ఆయన నవ్వాడు. "మీకో కబురు. కానిస్టేబుల్ ఇప్పుడే ఓర్వకల్లు నుంచి వచ్చాడు. కుర్రవాడు కళ్ళు తెరిచాడట. మాట ఇంకా రాలేదు. వస్తే వాడే చెబుతాడు, ఎవరు ఇచ్చారో."

అరుగు కింద గుమిగూడిన జనంలో ఒక నిట్టూర్పు గాలిలా పోయింది. పందిరి గుంజకు ఆనుకుని నిలబడిన నరసన్న రెండు చేతులూ జోడించి గుడి గోపురం వైపు దండం పెట్టాడు.

"సాక్షి ఉన్నాడంటున్నారు," అన్నాడు దావీదురాజు.

"ఉన్నాడు కాబట్టే నేను కాళ్ళు చాపుకుని కూర్చున్నా. ఈ ఇంటి నరసన్నగారే. నిన్న మధ్యాహ్నం దొన దగ్గర గురువు పీక తీసి, మొదట తన నోట్లోనే పెట్టుకుని రెండుసార్లు ఊదాడు. ఆయనకేమీ కాలేదు. ఆ తరవాత పీకను కండువా చెంగుతో తుడిచి శిష్యుడి చేతికి ఇచ్చాడు. అంటే ఏమిటి? గురువు నోట్లో ఉన్నంతసేపూ పీక శుభ్రంగా ఉంది. విషం కండువా చెంగులో ఉంది. ఇంతకన్నా సూటిగా ఏ కేసైనా ఉంటుందా? మీ సీమలో పగ అంటే కొడవళ్ళే అనుకున్నా. సంగీతంలో కూడా ఉందన్నమాట."

"కండువాలో విషం దొరికిందా సార్?"

"ఉతికేసుకుని ఉంటాడు."

"ఈ నీళ్ళ కరువులోనా?"

శేషశయనం చేతిరుమాలు తీసి మళ్ళీ తడుపుకున్నాడు. "మాట్లాడి రండి. మీ తృప్తి కోసం. ఆయన కాదనడం లేదు, తెలుసా? పీక నాదే, నేనే చెప్పాను అంటున్నాడు. అంతకు మించి పెదవి విప్పడు."

* * *

పీర్ బాషాను గుడి ఉగ్రాణంలో కూర్చోబెట్టారు. బియ్యం బస్తాల నడుమ, గోడకు ఆనుకుని, తెల్లటి గడ్డం ఎదమీద ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. నుదుట నిన్న పూజారి పెట్టిన గంధం ఎండి పెచ్చులు కట్టింది. పక్కన గాజుగ్లాసులో టీ మీగడ కట్టి ఉంది. చీమలు గ్లాసు చుట్టూ తిరుగుతున్నాయి.

"పిల్లోడు ఎట్లుండాడు?"

"కళ్ళు తెరిచినాడంట."

ముసలాయన పెదవులు ఏదో జపించినట్టు కదిలాయి. బయట వీణ ఇప్పుడు శ్రుతి కుదిరి, మెల్లగా, తనలో తాను గొణుక్కుంటున్నట్టు మోగుతోంది.

"పీక మీరే ఇచ్చినారా, బాషా గారూ?"

"డబ్బీలో పెద్దపీక తీసి పదును చెయ్ రా అని చెప్పింది నేనే. నేను చెప్పకుంటే వాడు దాన్ని ముట్టేవాడు కాదు. సార్ అడిగింది అంత, నేను చెప్పింది అంత."

"ఏటా మీ పీక మీరే పదును చేసుకుంటారు గదా? పోయిన ఏడు నేను పలకరిస్తే పీక నోట్లో ఉందని సైగ చేసినారు. ఈసారి వానికి ఏంటికి చెప్పినారు?"

పీర్ బాషా కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి పడే ఎండ గళ్ళు బస్తాల మీదికి ఎంత దూరం పాకాయో చూస్తున్నాడు. ఆ చూపు దావీదురాజుకు ఎరిగిన చూపులా తోచింది. కర్నూలులో తన ఆఫీసు పక్క టైలరు షాపులో, సాయంత్రం పూట కుట్టుమిషను ఆపేసి ఎండను చూసే కళ్ళవి. అప్పుడు గమనించాడు ఆయన పెదవుల్ని. ఎండి, పగిలి, బూడిద రంగులో ఉన్నాయి. ఆ పెదవులు ఎర్రగా లేకుండా తను ఏనాడూ పగటిపూట చూడలేదు. నిజానికి ఈ ఏడు పగటిపూట ఆయనను తను చూడనే లేదు. రాత్రి విన్నాడు, తెల్లవారి పడుకున్నాడు.

"రోజాలున్నారా?" మెల్లగా అడిగాడు.

ముసలాయన తల వంచుకున్నాడు.

రంజాను నెల ఏటికేడు వెనక్కి జరుగుతూ జరుగుతూ, ఈ కచేరీలు మొదలైన తరవాత మొదటిసారిగా వచ్చి వైశాఖ పున్నమిని తాకింది. వీధివీధినా ఇఫ్తార్ ఫలహారాలు అమ్మే కర్నూలు నుంచి వచ్చి కూడా తనకు తట్టలేదు.

"ఈ మాట సార్‌తో చెప్పి ఉంటే సరిపోయేది గదా!"

"ఏమని చెప్పేది? రోజా అల్లాకూ నాకూ నడుమ మాట. దాన్ని పోలీసు ముందర సాక్షికి నిలబెట్టుకుంటానా బిడ్డా?" గొంతు పొడిబారి మాట మాటకూ తెగుతోంది. "నా ఉపాసం కోసం వాడు ఆ పీక నోట్లో పెట్టుకున్నాడు. నేను మొండికేయకుండా ఈ మూడు దినాలు మానుకునింటే, నా నోట్లో పడేది నా నోట్లోనే పడును. ఇంక నేను ఏమని తప్పించుకునేది?"

దావీదురాజు లేచి గుమ్మం దాటాడు. బయట కాపలా ఉన్న కానిస్టేబుల్ సుంకప్పను అడిగాడు. "పొద్దున్నించి ఏమన్నా తాగినాడా అప్పా?"

"ఏడ తాగినాడు సార్! రెండు తూర్లు టీ తెచ్చిస్తి. దండం పెట్టినాడు. నీళ్ళిస్తి. దండం పెట్టినాడు. సీఐ గారితో చెప్తే, తప్పు చేసినోనికి నీళ్ళు దిగవులే అన్నాడు."

* * *

వంటింట్లో రామలక్ష్మమ్మ కందిబేడలు ఏరుతోంది. మూడు వందల మందికి రాత్రి వంట. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు కూరగాయలు తరుగుతున్నారు.

"అమ్మా, బాషా గారు రోజాలున్నట్టు మీకు తెలుసా?"

ఆమె విస్తుపోయి చూసింది. "నాకు తెలీకపోవడమేంది? మూడు దినాల్నించి చుక్క పొడిచే వేళకు నేనే లేసి అన్నం వండి పంపిస్తాండా. పొద్దు గుంకితే గంజి. ఈడ అందరికీ తెలుసు."

"ఇన్‌స్పెక్టరుకు చెప్పలేదా?"

"నన్ను అడిగినాడా? వంటామెతో మాట్లాడేదేముంది అనుకున్నాడేమో." చేటను ఒకసారి ఎగరేసింది. "మగోళ్ళు ఏ దినమన్నా అడిగినారా దావీదూ, ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు అని? ఇస్తర్లు లేపినంక లెక్క మాకు తెలుస్తాది గానీ."

తరిగే ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు తనకూ తగిలిందని దావీదురాజుకు తెలుసు.

"నరసన్నకు తెలుసా ఈ సంగతి?"

"వాడు నిన్న పగటాల గదా కర్నూలు నుంచి దిగినాడు! రాజధాని కట్టేకి రాయి ఎవరెవరు తోలతాండారో, అదే లోకం ఇప్పుడు వానికి."

* * *

నరసన్న గుడి వెనక తన కారు దగ్గర ఉన్నాడు. అద్దం తుడుచుకుంటున్నాడు. నలభై దాటిన దిట్టమైన మనిషి, మాట మెత్తన.

"ఏమప్పా దావీదు! పాట వినేకి వచ్చినోనివి, నీకేంటికి ఈ పోలీసు యవ్వారం?"

"అమ్మ అడిగినాది. కాదనేకి నోరు రాలేదు."

"మా వదినెతో అదే కష్టం. నమ్మినాదంటే పాము పడగెత్తినా గొడుగు అనుకుంటాది." నిట్టూర్చాడు. "నాకు మాత్రం బాధ లేదా? పెద్దాయన సన్నాయి వింటా పెరిగినోన్ని. కానీ కండ్లారా చూసింది దాచిపెడితే సామి ఊరుకుంటాడా?"

"అది నిజమేలే అన్నా. చూసింది ఇంకొక తూరి చెప్పు, నా తృప్తికి."

నరసన్న చెప్పాడు. అరుగు మీద ఇన్‌స్పెక్టరు చెప్పిన మాటలే, ఒక్కటి తప్పకుండా.

దావీదురాజు మధ్యలో గొంతు సర్దుకున్నాడు. "ఒక్కటే నాకు కుదరడం లేదన్నా. ఆకువక్క నములుతా పీక నోట్లో పెడితే పీక చెడిపోతాది గదా? ఆయన నోట్లో ఎప్పుడూ ఆకు ఉంటాదాయె. మరి ఎట్ల ఊదినాడు?"

"నమిలింది ఉమ్మేసినాడప్పా!" నరసన్న తడుముకోలేదు. "ఉమ్మకుండా ఎట్ల ఊదుతాడు? దొన పక్కనే, ఎప్పుడూ కూచునే తావుననే, ఇంత ఎర్రగా ఉమ్మినాడు. మల్ల పీక పెట్టుకున్నాడు. ఆ మనిషి నోట్లో ఆకు లేంది ఎప్పుడు? నిద్రలో గూడా దవడ ఆడుతాంటాది."

"అవునవును," అని నవ్వాడు దావీదురాజు. "నువ్వు దగ్గర్నించి చూసినావు కాబట్టి సరిపోయింది."

"దగ్గర్నుంచే. ఆ చిన్నబండ సాటునించి." నరసన్న గుడ్డ దులిపి కారులో పడేశాడు. "నేను పోయి జనాన్ని చూసుకోవల్ల. పొద్దు వాలుతాండాది."

దావీదురాజు అతన్ని పోనిచ్చాడు. ఆ తరవాత చాలాకాలం ఆ క్షణం అతనికి కలలోకి వస్తూ ఉండేది.

* * *

"రోజా!" శేషశయనం కుర్చీలోంచి లేచాడు. "అయితే ఏమిటి? హత్యకు తెగించినవాడు ఉపవాసానికి భయపడతాడా? చాటుగా విరిచి ఉంటాడు."

"చాటుగా విరిచేవాడు గదిలో విరుస్తాడు సార్. ఊరంతా కనబడే బండ మీద, తాంబూలం నమిలి ఉమ్మి మరీ విరవడు. నరసన్న చెప్పింది అదే. ఎర్రగా ఉమ్మినాడంట, నిన్న మధ్యాహ్నం, దొన పక్కన. నాతో ఒకసారి పైకి వచ్చి చూడండి."

"నాకు చూపించేదేమీ లేదు మీ దగ్గర."

"రాకపోతే రేపు కోర్టులో లాయరు చూపిస్తాడు. అప్పుడు ఎండ ఇంకా ఎక్కువుంటాది."

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం అతని వైపు మంటగా చూశాడు. తరవాత టోపీ పెట్టుకుని, ఎండను తిట్టుకుంటూ బండ ఎక్కాడు. పైకి చేరే సరికి పొద్దు పడమటి రాళ్ళకు ఆనుకుంది. తెల్లబండ మొత్తం పల్చటి గులాబీ రంగు తిరిగింది. జనం అప్పుడే చాపలతో ఎక్కివస్తున్నారు. ఎవరి మాటా గట్టిగా లేదు. కలలో నడుస్తున్నట్టు నడుస్తున్నారు.

దావీదురాజు పాత మరకలు చూపించాడు. ఇన్‌స్పెక్టరు వంగి, గోటితో గీకాడు. తన కాలి కింద, పక్కన, దొన అంచు దాకా వెతికాడు. కొత్త ఎరుపు ఎక్కడా లేదు. తెల్ల చీర మీద పసుపు మరకైనా ఉతికితే పోతుంది గానీ, ఈ రాతి మీద నిన్నటి తాంబూలం ఎవరూ కడగకుండా మాయం కాదు. నిన్నటి నుంచి బండ కింద పోలీసు కాపలా ఉంది; పైకి నీళ్ళు పోసి కడగడానికి ఎవరూ రాలేదు.

శేషశయనం నిటారుగా నిలబడి ముఖం తుడుచుకున్నాడు. ఈసారి చెమట ఎండది కాదు.

"మా సుంకప్ప చెప్పాడు, నీళ్ళు ముట్టలేదని. నేనే..." ఆగాడు. "సరే. నరసన్న అబద్ధం చెప్పాడు. కాని ఆ అబద్ధమే ఎందుకు చెప్పాలి? గురువు పీక ఇచ్చాడు అంటే చాలు కదా. నోట్లో పెట్టుకున్నాడని ఎందుకు కల్పించాలి?"

"మీరు అడుగుతారని సార్. పీక డబ్బీలోనే విషం పూసి ఉండొచ్చు గదా అని ఎవరైనా అడిగితే, తలుపు మూసేకి. ఆయన నోట్లో పెట్టుకున్నప్పుడు బాగుండింది అంటే, ఇంక డబ్బీ దగ్గరికి ఎవరు పోయినారని మీరు వెతకరు."

"వెతకలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఒప్పుకోలుగా.

"ఇంకొకటి ఉండాది." నా నోట్లో పడేది అని ఉగ్రాణంలో ముసలాయన అన్న మాట దావీదురాజుకు అప్పుడు చెవిన పడింది గాని, ఇప్పుడే లోపలికి దిగింది. "నరసన్న చూసింది చెప్పలేదు. చూడాలని కాచుకున్నది చెప్పినాడు. ఏటా జరిగేది అదే. పీర్ బాషా ఆకు ఉమ్మి, తన పీక తన నోట్లో పెట్టుకోవడం. నిన్న కూడా అదే జరుగుతాదని పూసి పెట్టినాడు. నరసింహస్వామి ముందర ఊదే మనిషి, నుదుట గంధం పెట్టించుకునే మనిషి, పగలంతా పస్తుంటాడని వానికి తోచలేదు. నాకూ తోచలేదు, మీకూ తోచలేదు. విషం మహానందికి కాదు సార్. ఈ రేయి మొక్కు శిష్యుని పేరన మారక ముందే ముసలాయన పోవల్ల. అప్పుడు ఈ బండ..."

శేషశయనం కాలికింది తెల్లరాయి వైపు, మైళ్ళ పర్యంతం పరుచుకున్న రాళ్ళ వైపు చూశాడు. రాజధానిలో పునాదులు తవ్విపెట్టి రాయి కోసం కాచుకున్న వీధులు ఆయనకు బాగా తెలుసు.

"సుంకప్పా!" బండ మీది నుంచే కేక వేశాడు. "ఆ పెద్దమనిషిని పైకి తీసుకురా! మర్యాదగా! నరసన్నగారిని కూడా నా దగ్గరికి పంపు!"

* * *

పడమట పొద్దు మునిగింది. తూర్పున, అదే తక్కెడ రెండో పళ్ళెంలా, రాళ్ళ సందులోంచి చంద్రుడి అంచు లేచింది. రామలక్ష్మమ్మ తానే పీర్ బాషాకు నీళ్ళ చెంబు అందించింది. ఆయన మూడు గుక్కలు తాగాడు. సంచి అడుగున పట్టుగుడ్డలో చుట్టి ఉంచిన కొత్త పీక ఒకటి తీసి, దావీదురాజు చూసి తల ఊపాక, నోట్లో పెట్టుకున్నాడు. మూడు వందల మంది ఊపిరి బిగబట్టి ఉన్నారు.

సుంకప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు. "సార్, నరసన్న లేడు. కారు లేదు."

"పారిపోయాడు," అన్నాడు శేషశయనం.

"వాడు పారిపోయేదేంది?" రామలక్ష్మమ్మ అయోమయంగా చూసింది. జరిగింది ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. "కర్నూలు పోయినాడు, ఆస్పత్రికి. పిల్లోడు కళ్ళు తెరిచినాడని తెలిసినంక, ఉత్తచేతులతో ఎట్ల పోయేది వదినా అంటే, నేనే రాగిజావ కాచి ఫ్లాస్కులో పోసి ఇస్తి. ఇంత మంచిబుద్ధి వానికి ఎప్పుడు పుట్టిందా అని సంతోషపడితి గూడా."

మహానంది నోరు తెరిస్తే, గురువు ఆ పీక ముట్టనే లేదని చెబుతాడు. ఆ ఫ్లాస్కు రామలక్ష్మమ్మది. ఆ జావ రామలక్ష్మమ్మ చేతిది. దాన్ని విశ్వాసమ్మ అనుమానంతో వాసన కూడా చూడకుండా పోసేస్తుంది. నిన్న జీపు కదిలేటప్పుడు దాని వెంట పరుగెత్తి, కడ్డీ పట్టుకుని, ఆమెకు గట్టిగా చెప్పింది తనే: రామలక్ష్మమ్మ ఇంటినుంచి వచ్చింది తప్ప ఇంకేదీ వాని నోట్లో పోయొద్దు.

ఆ మాట పైకి అన్నాడు. ఎలా అన్నాడో తెలియదు.

రామలక్ష్మమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పీర్ బాషా నోట్లోంచి పీక తీశాడు. చంద్రుడు సగానికి పైగా పైకి వచ్చేశాడు. ముసలాయన చంద్రుణ్ణి చూశాడు, కర్నూలు దారిని చూశాడు. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"పోండి, బిడ్డా. మీరు తొందరగా పోండి," అన్నాడు. "నేనొచ్చి చేసేదేముంది? ఈ పున్నమి తప్పితే, వాడు లేచినంక, ఏంటికి ఊదలేదు అబ్బా అని అడుగుతాడు. వానికేం చెప్పేది?"

దావీదురాజూ ఇన్‌స్పెక్టరూ బండ దిగుతుండగా సన్నాయి మొదలైంది. మొదట తడబడింది. పదును కుదరని కొత్తపీక ఒక్కసారి చీలింది. మళ్ళీ అందుకుంది. జీపు గతుకుల్లో ఎగిరిపడుతుంటే ఆ పాట వెనకనే వచ్చింది, వెన్నెల్లో తడిసి, దారి పక్క రాయిరాయికీ తగిలి, ముందుకు దాటి ఎదురొచ్చినట్టు కూడా అనిపించింది. పెద్దరోడ్డు మలుపు తిరిగాక ఇక వినబడలేదు. ఇంజను మోత మిగిలింది.

"దారిలో ఓర్వకల్లు స్టేషనులో ఫోను ఉంది కదా?" అన్నాడు దావీదురాజు.

"ఉంది. ఆస్పత్రి వార్డులో లేదు. ఎవరో పరుగెత్తి చెప్పాలి." శేషశయనం యాక్సిలరేటరు అదిమాడు. కాసేపటికి, సీమ అనీ ఎండ అనీ ఏ ఎత్తిపొడుపూ లేని గొంతుతో అడిగాడు. "ఆ కుర్రవాడికి మీ ఆవిడ ఎన్నింటికి పోస్తుంది జావ?"

"జావ చేతికి వస్తానే పోస్తాది సార్. నిన్నటి నుంచి వాని కడుపులో ఏమీ లేదు."

ఇన్‌స్పెక్టరు స్టీరింగు మీది చేతిని తిప్పి, వెన్నెల్లో వాచీ చూసుకున్నాడు. టైము ఎంతైందో చెప్పలేదు.